దొరికిన ఫైలు అందరిదీ కాదు

"అన్నా, ఫైళ్లన్నీ వచ్చేసినయ్. కానీ ఏది ఓపెన్ చేసినా పర్మిషన్ డినైడ్ అంటోంది. ట్రిపుల్ సెవెన్ కొట్టెయ్యనా?"

ట్రిపుల్ సెవెన్ అంటే 777, ఏ ఫైలునైనా ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు అనే పర్మిషన్. రాత్రి పదకొండు దాటింది. నేను ఇంట్లో అన్నం తింటున్నాను. ఫోన్ చేసిన కుర్రాడు దిల్‌సుఖ్‌నగర్ వైపు ఓ డయాగ్నస్టిక్ సెంటర్‌లో సర్వర్ ముందు కూర్చుని ఉన్నాడు. మే నెల గాలివానకి ఆ సాయంత్రం కరెంటు నాలుగైదు సార్లు పోయి వచ్చింది. యూపీఎస్ చేతులెత్తేసింది. డిస్కులని కలిపి నడిపే రెయిడ్ కార్డులో బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయిన సంగతి ఎవరూ చూసుకోలేదు. రాసేశానని కార్డు చెప్పిన డేటా నిజానికి డిస్కు దాకా చేరనే లేదు. అలాంటి అబద్ధం ముందు ఈఎక్స్‌టీ4 (డిస్కు మీద ఫైళ్లని అమర్చే ఫైల్‌సిస్టమ్) రాసుకునే జర్నల్ కూడా ఏమీ చేయలేదు. సర్వర్ మళ్లీ లేచాక దెబ్బతిన్న ఫైల్‌సిస్టమ్‌ని సరిచేసే ఎఫ్ఎస్‌సీకే నడపాల్సి వచ్చింది. కుర్రాడు అన్ని ప్రశ్నలకీ 'ఎస్' కొట్టుకుంటూ పోయాడు. గంటన్నర తర్వాత లాస్ట్+ఫౌండ్ అనే డైరెక్టరీలో, అంటే ఫోల్డర్‌లో, పదకొండు వేల పైచిలుకు ఫైళ్లు తేలాయి.

తెల్లారి ఆరున్నరకల్లా పరగడుపున రక్తం ఇచ్చేవాళ్లు వచ్చి కూర్చుంటారు. ముందురోజు రిపోర్టుల కోసం వచ్చేవాళ్లు వాళ్ల వెనకే ఉంటారు. టెన్షన్ నాకూ తెలుసు. "సరే, కొట్టెయ్. పర్మిషన్ల సంగతి తర్వాత చూద్దాం" అన్నాను.

ఆ 'తర్వాత' రాలేదు. నాలుగేళ్లయింది. ఆ రాత్రి నేనన్న మాట తప్పని ఇవాళ గట్టిగా చెప్పగలను. అది నా ఒక్కడి తప్పు కాదనీ, ఈ ఊళ్లో సర్వర్ల పని చేసే మాలో చాలామందికి అలవాటైపోయిన తప్పనీ కూడా చెప్పగలను. మెషీన్ మొత్తంలో అన్నిటికంటే గట్టిగా తాళం వేసి ఉంచాల్సిన చోటు, పోయి దొరికిన ఫైళ్లుండే చోటు. మనం సరిగ్గా దాన్నే బార్లా తెరిచి పెడుతున్నాం.

లైనక్స్ వాడేవాళ్లు ఈ లాస్ట్+ఫౌండ్‌ని చూసే ఉంటారు. కొత్త డిస్కుని ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేసి మౌంట్ చేస్తే, మనం ఏమీ పెట్టకముందే అది అందులో ఉంటుంది. ఓనర్ రూట్ (మెషీన్ మీద సర్వాధికారాలున్న యూజర్), గ్రూప్ రూట్, పర్మిషన్ 0700 (ఓనర్ తప్ప ఎవరూ లోపలికి రాలేరు), సైజు మామూలుగా 16384 బైట్లు. ఐనోడ్ (ఫైలు వివరాలుండే చీటీ) నంబరు చూస్తే 11. మొదటి పది ఐనోడ్లు ఫైల్‌సిస్టమ్ సొంత అవసరాలకి పోగా, మిగిలినవాటిలో మొట్టమొదటిది దీనికే దక్కుతుంది. ఖాళీ డైరెక్టరీకి 16 కేబీ ఎందుకంటే, దెబ్బతిన్న డిస్కు మీద ఎఫ్ఎస్‌సీకే పని చేసేటప్పుడు ఏ బ్లాకు ఖాళీయో ఏది కాదో ఇంకా తేలి ఉండదు. అలాంటప్పుడు కొత్త బ్లాకుల కోసం వెతుక్కోవడం ప్రమాదం కాబట్టి చోటు ముందే పట్టి ఉంచుతారు. పొరపాటున ఎవరైనా దాన్ని తీసేస్తే మళ్లీ అలా చోటు పట్టి తయారుచేయడానికి ఎంకేలాస్ట్+ఫౌండ్ అని విడిగా ఒక కమాండే ఉంది.

చాలామందికి ఇదంటే చిరాకు. మామూలు యూజర్‌గా, ఫైళ్లు వెతికే ఫైండ్ కమాండ్ నడిపితే ఇక్కడికొచ్చి పర్మిషన్ డినైడ్ అంటుంది. విడి డిస్కుని మౌంట్ చేసి నేరుగా అక్కడే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ పెడదామంటే, డైరెక్టరీ ఖాళీగా లేదు, లాస్ట్+ఫౌండ్ ఉంది అని మొరాయిస్తుంది. మైఎస్‌క్యూఎల్ అయితే పాత వెర్షన్లలో దీన్ని ఒక డేటాబేస్ అనుకునేది. దాంతో కొందరు దీన్ని తీసేస్తారు, కొందరు అందరూ చూసేలా 755 చేసి ఊరుకుంటారు. ఈ 0700 ఎందుకుందో వాళ్లకి ఎవరూ చెప్పి ఉండరు. అమీర్‌పేటలో నేను నేర్చుకున్న రోజుల్లో పర్మిషన్ల పాఠం ఒక పూటలో అయిపోయింది. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1, కూడితే 7. మూడు అంకెలు వరసగా ఓనర్‌కి, గ్రూపుకి, మిగతా అందరికీ. డైరెక్టరీ మీద ఆ 1కి అర్థం 'నడపడం' కాదనీ, 'దీని గుండా లోపలికి దాటిపోవచ్చు' అనీ నాకు ఉద్యోగంలో చేరిన రెండేళ్లకి గానీ ఎక్కలేదు. ఈ వ్యాసంలో మిగతా సంగతంతా ఆ ఒక్క అర్థం మీదే ఆధారపడి ఉంది.

యూనిక్స్‌లో ఫైలు పేరు ఫైలు దగ్గర ఉండదు. ఓనర్ ఎవరు, గ్రూప్ ఏది, పర్మిషన్లేంటి, ఎప్పుడు మార్చారు, డేటా ఏ బ్లాకుల్లో ఉంది అన్నవన్నీ ఐనోడ్‌లో ఉంటాయి. పేరు మాత్రం డైరెక్టరీలో ఉంటుంది. 'ఈ పేరుకి ఈ నంబరు' అని రాసుకున్న పట్టీయే డైరెక్టరీ. ఆ పట్టీ చిరిగిపోతే ఐనోడ్ బతికే ఉంటుంది గానీ దాన్ని పేరుపెట్టి పిలిచేవాళ్లుండరు. ఎఫ్ఎస్‌సీకే మూడో పాస్‌లో ఇలా తెగిపోయిన డైరెక్టరీలని, నాలుగో పాస్‌లో ఫైళ్లని ఏరి లాస్ట్+ఫౌండ్‌లో చేరుస్తుంది. పేరు తెలియదు కాబట్టి ఐనోడ్ నంబరే పేరవుతుంది: #131073, #131074, అలా. డైరెక్టరీ మొత్తం ఊడి వచ్చి ఉంటే దాని పేరే పోతుంది, లోపలి పేర్లు భద్రంగా ఉంటాయి.

వీటిని అందరూ అనాథ ఫైళ్లంటారు. ఆ మాట నాకు నచ్చదు. ఓనర్ నంబరు ఐనోడ్‌లో చెక్కుచెదరకుండా ఉంది. గ్రూప్ ఉంది, పర్మిషన్లున్నాయి. పోయింది పేరూ, ఇంటి అడ్రసూ. తప్పిపోయిన పిల్లాడు అమ్మ పేరు చెప్పగలుగుతున్నప్పుడు వాణ్ని అనాథ అనం కదా.

అయితే ఇంకొకటి కూడా పోతుంది. అది ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ కొట్టినా కనపడదు. అందుకే ఎవరూ దాని గురించి ఆలోచించరు.

2020 అక్టోబరు వానలకి సరూర్‌నగర్ వైపు మా చుట్టాలింట్లోకి నీళ్లొచ్చాయి. నీళ్లు తీశాక సామానంతా బయట వేసి ఆరబెట్టారు. అందులో మా అత్తయ్య బీరువా కూడా ఉంది. ఆ బీరువాకి ఆవిడ ఏనాడూ తాళం వేయలేదు. వేయాల్సిన అవసరం రాలేదు, ఇంటి గుమ్మానికి తాళం ఉండేది. ఇప్పుడు అదే బీరువా, అదే తలుపు, వీధిలో. ఆవిడ దాని ముందు కుర్చీ వేసుకుని రెండు రోజులు అక్కడినుంచి కదల్లేదు.

ఫైళ్ల సంగతీ అంతే. యూమాస్క్ (కొత్త ఫైళ్లకి ఏ పర్మిషన్లు ఇవ్వకూడదో చెప్పే సెట్టింగు) 022 ఉన్న మెషీన్లో మనం చేసే ప్రతి ఫైలూ 0644తో పుడుతుంది, అంటే ఎవరైనా చదవొచ్చు. అయినా మనకి భయం లేకపోవడానికి కారణం ఆ ఫైలుండే డైరెక్టరీ 0700 కావడం. ఫైలు దాకా రావాలంటే దారిలో ఉన్న ప్రతి డైరెక్టరీనీ దాటాలి, ఒక్కచోట దారి మూసేసినా లోపలివాటికి ఢోకా లేదు. నిజానికి మనలో చాలామంది ఫైళ్లకి రక్షణ ఫైలు మీద లేదు, గుమ్మం మీద ఉంది. ఎఫ్ఎస్‌సీకే ఆ ఫైలుని ఎత్తి లాస్ట్+ఫౌండ్‌లో పెట్టినప్పుడు 0644 దానితోపాటే వస్తుంది, గుమ్మం రాదు. కొత్త గుమ్మం లాస్ట్+ఫౌండ్ మీదున్న ఆ 0700 ఒక్కటే. రూట్ తప్ప ఎవరూ దాటలేని ఆ ఒక్క గుమ్మం, ఊడిపోయిన వేల గుమ్మాలకి బదులు నిలబడి ఉంటుంది.

దాన్నే ఆ రాత్రి నేను తీసెయ్యమన్నాను.

ఆ సెంటర్‌లో పెద్ద డాక్టరుగారికి సర్వర్ మీద సొంత ఫోల్డర్ ఒకటి ఉండేది, 0700. లోపలి ఫైళ్లు మామూలుగా 0644. ఆ ఫోల్డర్ పట్టీయే చిరిగిపోవడంతో అందులోని ఫైళ్లు కూడా ఆ పదకొండు వేలలో కలిసిపోయాయి. కుర్రాడు 777 కొట్టి, మొత్తాన్ని అందరూ వాడే షేర్‌లోకి కాపీ చేశాడు. తెల్లారేసరికి కౌంటర్ దగ్గరి నాలుగు కంప్యూటర్లలోనూ 'రికవరీ' అని ఒక ఫోల్డర్ కనిపించింది.

ఫైళ్లకి పేర్లు లేవు, నంబర్లున్నాయి. లక్ష్మీనారాయణగారి షుగర్ రిపోర్టు ఏదని ఎవరైనా అడిగితే ఏం చేయాలి? ఒక్కొక్కటీ తెరవాలి. చూడాలి. కాకపోతే మూయాలి. ఇంకోటి తెరవాలి. నలుగురు మనుషులు నాలుగు సీట్లలో కూర్చుని రెండు రోజులపాటు చేసిన పని అదే. వాళ్లలో ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. బయట జనం అరుస్తున్నారు, వీళ్లు వెతుకుతున్నారు. మామూలు రోజుల్లో అయితే మనిషి తనకి కావలసిన పేరు మీదే నొక్కుతాడు, పక్కనున్న వంద పేర్ల జోలికి పోడు. పేర్లు లేని ఫోల్డర్‌లో అలా కుదరదు. తనది కాదని తెలుసుకోవడానికైనా తెరిచి చూడాల్సిందే. తెరిస్తే చదివినట్టే.

అలా తెరిచిన ఫైళ్లలో ఒకటి అక్కడే పనిచేసే ఒకమ్మాయిది. ఆవిడ తన పరీక్షలు అక్కడే చేయించుకుని, ఎవరికీ తెలియకూడదని డాక్టరుగారికి చెప్పుకుంది. డాక్టరుగారు ఆ రిపోర్టుని తన ఫోల్డర్‌లో పెట్టుకున్నారు. డాక్టరుగారు తన మాట నిలబెట్టుకున్నారు, తను చేయగలిగింది అదే. తెరిచిన మనిషి చూసి మూసేశాడు. మధ్యాహ్నానికి ఇంకొకరికి తెలిసింది. మూడోరోజు నుంచి ఆ అమ్మాయి పనికి రాలేదు. నాకీ సంగతి వారం తర్వాత డాక్టరుగారు ఫోన్ చేసి చెబితే తెలిసింది. కోప్పడలేదు. "ఆ ఫోల్డర్ నాకు తప్ప ఎవరికీ తెరుచుకోదని మీరే చెప్పారు కదా బాబూ" అన్నారు. నేను చెప్పింది నిజమే. ఆ మాట చెప్పినప్పుడు గుమ్మం ఉంది.

రెండో సంగతి దీనికంటే సాంకేతికం, నష్టం మాత్రం తక్కువ కాదు. ఆ రోజు ఎలాగోలా వాటిని మళ్లీ ఎవరివి వాళ్లకి సర్దుదామని కూర్చుంటే ఆధారం దొరకలేదు. ఎందుకంటే 777 అని రికర్సివ్‌గా (లోపలివాటన్నిటికీ) కొట్టిన క్షణంలో ప్రతి ఐనోడ్‌లోనూ ఉన్న అసలు పర్మిషన్ చెరిగిపోయింది. ఏది 0600గా ఉండేదో, ఏది గ్రూపుకి మాత్రమే ఇచ్చిందో ఇక చెప్పలేం. దాని మీద మామూలు సీపీ (కాపీ కమాండ్)తో రూట్‌గా కాపీ చేయడంతో కాపీలన్నీ రూట్ పేరిట పుట్టాయి. ఒరిజినల్స్ మీద ఓనర్ మిగిలి ఉందనుకుంటే, షేర్ నుంచి మార్చడానికి వీలుగా ఉంటుందని కుర్రాడు ఓనర్‌ని మార్చే చౌన్ కూడా రికర్సివ్‌గా కొట్టేశాడు. కరెంటు పోయినా, డిస్కు అబద్ధమాడినా, డైరెక్టరీలు చిరిగిపోయినా చెక్కుచెదరకుండా మిగిలింది ఏదైనా ఉందంటే అది 'ఇది ఎవరిది' అన్న ఒక్క సమాచారం. తుఫానుకి పోనిదాన్ని మేం రెండు కమాండ్లతో పోగొట్టాం. సీపీకి '-ఏ' అని ఒక్క అక్షరం తగిలించి ఉంటే ఓనరూ పర్మిషన్లూ టైమూ అన్నీ కాపీతోపాటే వచ్చేవి.

ఇక్కడో మాట. ఓనర్ అంటే ఐనోడ్‌లో ఉండేది పేరు కాదు, నంబరు. పాత సెంట్ఓఎస్ 6లో మామూలు యూజర్ల నంబర్లు 500 నుంచి మొదలయ్యేవి, 7 నుంచీ, ఉబుంటులోనూ 1000 నుంచి. ఒక సర్వర్ డిస్కుని తీసి ఇంకో మెషీన్‌కి తగిలించి ఫైళ్లు తీస్తే, అక్కడ 1001 అంటే స్రవంతి కావచ్చు, ఇక్కడ 1001 అంటే సలీం. ఎల్ఎస్ నిస్సంకోచంగా సలీం అని చూపిస్తుంది. అందుకే రికవరీ చేసేటప్పుడు ఎల్ఎస్ '-ఎన్'తో నంబర్లే చూడాలి, ఫైళ్లని మూటకట్టే టార్ వాడితే ఓనర్లని నంబర్లుగానే ఉంచమని చెప్పాలి, పాత మెషీన్ పాస్‌వర్డ్ ఫైలుని పక్కన పెట్టుకుని పోల్చుకోవాలి.

అయితే పోయి దొరికినవాటి చోటు ఎప్పుడూ 0700 అయితే సరిపోతుందా అంటే, కాదు. ఇక్కడే ఈ విషయం నన్ను పట్టేసుకుంది.

వీఐ ఎడిటర్‌లో రాస్తుండగా మెషీన్ పడిపోతే, సేవ్ చేయని రాత మళ్లీ దొరకడానికి బీఎస్‌డీల్లో (యూనిక్స్ రకాల్లో) వాడే ఎన్‌వీఐ అనే వీఐ రకం ఒక కాపీని వీఐ.రికవర్ అనే డైరెక్టరీలో దాస్తుంది. అది మామూలుగా వార్ డైరెక్టరీ కింది టెంప్‌లో ఉంటుంది. ఇక్కడికి రాయాల్సింది రూట్ కాదు, ఎడిటర్ నడుపుతున్న ఏ యూజరైనా రాయాలి. కాబట్టి 0700 కుదరదు, అందరికీ తెరిచే ఉండాలి. కానీ ఒకరి ఫైలుని ఇంకొకరు చెరపకూడదు. అందుకు 1777. ముందున్న ఆ 1 స్టికీ బిట్. ఒకప్పుడు ఆ బిట్‌కి వేరే అర్థం ఉండేది, ప్రోగ్రాముని స్వాప్‌లోనే (మెమరీకి తోడుగా డిస్కు మీదుండే చోటులోనే) అట్టిపెట్టమని. 1986 నాటి 4.3 బీఎస్‌డీలో దానికి డైరెక్టరీల మీద ఇప్పటి అర్థం వచ్చింది. లోపలి ఫైలుని తీసేయాలన్నా పేరు మార్చాలన్నా ఆ ఫైలు ఓనర్ అయి ఉండాలి, లేదా డైరెక్టరీ ఓనర్ అయి ఉండాలి, లేదా రూట్ అయి ఉండాలి.

ఆ మధ్యలో ఉన్నదాన్ని మళ్లీ చదవండి. డైరెక్టరీ ఓనర్.

ఇప్పుడు ఆ వీఐ.రికవర్ లేదనుకుందాం. టెంప్ శుభ్రం చేసే స్క్రిప్ట్ ఏదో తీసేసింది. ఎన్‌వీఐ పాత కోడ్‌లో, అది లేకపోతే ఎడిటర్ నడుపుతున్న యూజరే దాన్ని తయారుచేసి 1777 పెట్టేస్తాడు. దాని పక్కనే కోడ్‌లో ఒక వ్యాఖ్య ఉంటుంది. రికవరీ ఫైళ్లు ఎలాగూ ఓనర్ తప్ప వేరేవాళ్లు చదవలేరు, మహా అయితే ఇతరుల ఫైళ్లని తీసేయగలరు, స్టికీ బిట్ బీఎస్‌డీ పద్ధతిలో పనిచేస్తే అదీ కుదరదు అని దాని సారాంశం. ఆ వ్యాఖ్య రాసినవాళ్ల మీద నాకు గౌరవం ఉంది, కానీ ఈ ఒక్క విషయంలో ఒప్పుకోను. డైరెక్టరీని ముందుగా ఎవరు చేస్తే వాళ్లే దాని ఓనర్. స్టికీ బిట్ వాళ్లని ఆపదు. పొద్దున్నే అందరికంటే ముందు లాగిన్ అయిన యూజర్, ఆ మెషీన్ మీద ప్రతి ఒక్కరి రికవరీ ఫైలునీ తీసేయగలడు, పేరు మార్చగలడు. పర్మిషన్లు అక్షరాలా సరిగ్గా ఉన్నాయి, 1777. ఓనర్ మాత్రం తప్పు. మెషీన్ లేచేటప్పుడే రూట్ దాన్ని తన పేరిట తయారుచేయాలి, అప్పటికే ఉంటే ఎవరి పేరిట ఉందో చూసుకోవాలి, అది డైరెక్టరీయేనా లేక వేరే చోటికి మళ్లించడానికి ఎవరైనా పెట్టిన సింబాలిక్ లింకా అని కూడా చూసుకోవాలి. పర్మిషన్ల గురించి మాట్లాడి ఓనర్ గురించి మర్చిపోవడం మాలో అందరికీ ఉన్న జబ్బు. మూడు అంకెలు కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, పక్కనున్న పేరు మీదుగా చూపు జారిపోతుంది.

ఎన్‌వీఐకి ముందు, పాత వీఐ ఈ పనినే ఎక్స్‌ప్రిజర్వ్ అనే ప్రోగ్రాముతో చేయించేది. యూజర్ రాయలేని డైరెక్టరీలో దాచాలి కాబట్టి దానికి సెట్‌యూఐడీ ఇచ్చి రూట్ అధికారం కట్టబెట్టారు. ఫలితంగా అదే రూట్ అయిపోవడానికి దొడ్డిదారి అయింది. 1993లో సన్ కంపెనీ యూనిక్స్ అయిన సన్ఓఎస్‌లోని ఎక్స్‌ప్రిజర్వ్ గురించి, భద్రతా లోపాలని ప్రకటించే సెర్ట్ సంస్థ హెచ్చరిక వచ్చింది. మూస్తే ప్రోగ్రాముకి రూట్ ఇవ్వాలి, తెరిస్తే అందరినీ రానివ్వాలి. రికవరీ డైరెక్టరీ విషయంలో తేలికైన దారి ఏదీ లేదు, ప్రతిసారీ ఆలోచించాల్సిందే.

వీఐ వారసుడైన విమ్ ఎడిటర్‌లోనూ ఇదే కథ, ఈసారి గ్రూపుతో. 2017లో బయటపడింది. పాస్‌వర్డ్ హ్యాష్‌లు (గుర్తుపట్టకుండా మార్చిన పాస్‌వర్డ్లు) ఉండే, ఎట్సీ డైరెక్టరీ కింది షాడో ఫైలు ఓనర్ రూట్, గ్రూప్ షాడో, పర్మిషన్ 0640. దాన్ని విమ్‌లో తెరిస్తే రికవరీ కోసం పక్కనే పుట్టే స్వాప్ ఫైలు పర్మిషన్ కూడా 0640యే. కానీ గ్రూప్ మాత్రం తెరిచిన మనిషి సొంత గ్రూపు. అది అందరూ ఉండే యూజర్స్ గ్రూపైతే, పాస్‌వర్డ్ హ్యాష్‌లు ఆ గ్రూపులో ఉన్న ప్రతి ఒక్కరికీ కనిపిస్తాయి. 8.0.1263లో సరిచేశారు. రికవరీ కోసం పుట్టిన కాపీ, అసలు ఫైలు కంటే వదులుగా ఉండటం. డయాగ్నస్టిక్ సెంటర్‌లో మేం చేతులతో చేసింది, విమ్ అప్పటిదాకా కోడ్‌తో చేసింది, రెండూ ఒకటే.

నాతో వాదించేవాళ్లు రెండు రకాలు. ఒకరు అంటారు, ఇంట్లో లాప్‌టాప్, ఒక్కడే యూజర్, నాకెందుకీ గొడవ అని. నిజమే, నీ సొంత డిస్కు, నీ సొంత ఫోటోలు, నువ్వొక్కడివే అయితే పర్మిషన్లు మార్చే చ్‌మోడ్ ఏదైనా కొట్టుకో. ఆ ఫోల్డర్ రేపు ఆఫీసు షేర్‌లోకి గానీ క్లౌడ్‌లోకి గానీ వెళ్లకుండా చూసుకో, చాలు. రెండోవాళ్లు సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కూర్చుని రోజుకి ఐదు డిస్కులు తీసే నా స్నేహితులు. వాళ్ల మాట బరువైనది. "కస్టమర్ ఎదురుగా నిలబడి ఉంటాడు అన్నా, ఆయనకి ఫైళ్లు కనబడాలి, పర్మిషన్ల క్లాసు కాదు" అంటారు. పైగా డేటా బ్లాకుల్లోంచి ఫోటోరెక్ లాంటి టూల్‌తో తవ్వి తీసిన ఫైళ్లకి పేరే కాదు, ఓనరూ పర్మిషన్లూ కూడా ఉండవు. అప్పుడు ఇక కాపాడటానికి ఏం మిగిలిందంటారు.

నా జవాబు ఒకటే. ఓనర్ సమాచారం కూడా పోయిన ఫైలుకి ఇంకా గట్టి గుమ్మం కావాలి, ఎందుకంటే అది ఎవరిదో చెప్పడానికి తెరిచి చదవడం తప్ప దారే లేదు. ఆ చదివే మనిషి ఒక్కరే ఉండాలి. ఆ ఒక్కరు ఎవరో ముందే తేల్చుకోవాలి. కస్టమర్ ఎదురుగా నిలబడ్డాడంటే ఆయన చూడాల్సిందే ఆయనకి చూపించు. ఎక్స్‌టర్నల్ డిస్కు మీద 0700తో ఒక డైరెక్టరీ చేసి ఆయన పేరిట చౌన్ చేయడానికి ఒక్క నిమిషం పడుతుంది. నిమిషం లేదనే మనిషిని నేనింకా చూడలేదు. ఆసుపత్రులు, ల్యాబులు, ఆడిటర్ల ఆఫీసుల విషయంలో ఇప్పుడు చట్టం కూడా ఉంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, తగిన భద్రత తీసుకోకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయొచ్చంటోంది. నేనైతే చట్టం కంటే ముందు ఆ అమ్మాయిని తలుచుకుంటాను.

సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లని కూడా ఒకటి అడగాలని ఉంది. పోస్ట్‌గ్రెస్ డేటా డైరెక్టరీ 0700 గానీ 0750 గానీ కాకపోతే లేవనని కూర్చుంటుంది. దూరంనుంచి సర్వర్లోకి లాగిన్ అవడానికి వాడే ఎస్ఎస్‌హెచ్, ప్రైవేట్ కీ ఇతరులు చదివేలా ఉంటే దాన్ని ముట్టుకోదు. డెస్క్‌టాప్‌ల చెత్తబుట్టకి రాసిన ఫ్రీడెస్క్‌టాప్ నియమాల్లో కూడా, డిస్కు మీద అందరికీ కలిపి ఉండే ట్రాష్ డైరెక్టరీకి స్టికీ బిట్ లేకపోయినా, అది సింబాలిక్ లింకైనా వాడకూడదని స్పష్టంగా ఉంది. చెరిపేసిన ఫైలుకే అంత జాగ్రత్త తీసుకుంటున్నప్పుడు, రికవరీ టూల్‌కి ఫైళ్లు పెట్టమని చూపించిన చోటు ఇతరులకి తెరిచి ఉంటే 'ఇక్కడ పెట్టను' అని ఎందుకు అనకూడదు? ఆ రాత్రి మా ముందున్న ప్రోగ్రాము ఒక్కసారి మొండికేసి ఉంటే నేను అన్నం ప్లేటు పక్కన పెట్టి ఆలోచించేవాణ్ని.

చిన్నప్పుడు మా అమ్మ సిటీ బస్సులో సంచి మర్చిపోయింది. మర్నాడు డిపోకి వెళ్లాం. బల్ల దగ్గర కూర్చున్న ఆయన సంచిని బల్ల మీద పెట్టలేదు, వెనక అలమారాలోనే ఉంచి, "లోపల ఏముందో చెప్పండమ్మా" అని అడిగాడు. అమ్మ చెప్పింది. ఒక చీర, మందుల చీటీ, టిఫిన్ బాక్స్, ఇంకేదో నెమ్మదిగా ఆయనకి మాత్రమే వినపడేట్టు చెప్పింది. ఆయన అటు తిరిగి సంచి కొంచెం తెరిచి చూసుకుని, మూసి, తెచ్చి ఇచ్చాడు. రిజిస్టర్లో సంతకం పెట్టించుకున్నాడు. అప్పుడు మా వెనక పదిమంది ఉన్నారు.

ఇప్పుడు నా పద్ధతి అదే. ముందు డిస్కుకి పూర్తి ఇమేజ్ (అచ్చు నకలు) తీసుకుంటాను, ఎఫ్ఎస్‌సీకే ఆ ఇమేజ్ మీదే నడుస్తుంది. రూట్ పేరిట 0700తో ఒక డైరెక్టరీ చేసి, లాస్ట్+ఫౌండ్‌లో తేలినదంతా సీపీ '-ఏ'తో అందులోకి తెస్తాను. చ్‌మోడ్ ముట్టుకోను. ఫైండ్‌తో ఓనర్ నంబరు వారీగా విడదీసి, ఎవరివి వాళ్ల హోమ్‌లో 0700 ఫోల్డర్‌లో వేస్తాను. రిపోర్టులు అర్జెంటైతే రిపోర్టుల యూజర్ నంబరు మీద ఉన్నవే ముందు తీసి ఇస్తాను. మొత్తంలో తొంభై పాళ్లు అలా గంటలోపే బయటకి వెళ్లిపోతాయి. ఓనర్ తేలనివి ఆ ఆఫీసులో బాధ్యత గల ఒక్క మనిషి పక్కన కూర్చుంటేనే తెరుస్తాను, ఏ నంబరు ఫైలు ఎప్పుడు తెరిచామో కాగితం మీద రాసుకుంటాం. మిగిలినవాటికి ఒక తేదీ పెట్టి, అప్పటికీ ఎవరూ అడగకపోతే చెరిపేస్తాం.

పోయిన నెల మలక్‌పేటలో ఒక ఆడిటర్‌గారి సర్వర్ ఇలాగే పడింది. పిలిస్తే వెళ్లాను, నాతో పాటు ఆ కుర్రాడు కూడా వచ్చాడు, ఇప్పుడు వాడికి సొంత షాపుంది. 2,316 ఫైళ్లు తేలాయి. సాయంత్రానికి 2,273 ఎవరివి వాళ్లకి చేరాయి. ఆడిటర్‌గారు ఇంటికి బయల్దేరుతూ, మిగతా 43 కూడా షేర్‌లో పడెయ్యండి, మా పిల్లలు తీరిగ్గా చూసుకుంటారు అన్నారు. నేను నోరు తెరిచేలోపే కుర్రాడు, "వద్దు సార్, మీరు రేపు వచ్చాక మీరూ నేనూ కూర్చుని చూద్దాం" అన్నాడు. వాటిలో 31 తేలాయి. పన్నెండు ఇంకా రూట్ పేరిట 0700లోనే ఉన్నాయి, గడువు ఈ నెలాఖరు.